చిన్నాయనకు ఇంగ్లీషు మాట

హైదరాబాద్,
11 ఫిబ్రవరి 2025

దాదీకి,

సలాం. చిన్నపీరు క్షేమంగా చేరింది. ఎల్లస్వామి తాత కొట్టంలో పీర్ల పెట్టె తెరిచి, ఎర్రగుడ్డలో చుట్టి నా ఒళ్లో పెట్టినప్పటి నుంచి మ్యూజియం గేటు దాటేదాకా కింద పెట్టలేదు. బస్సులో పక్కసీటావిడ, పాప నిద్రపోయిందా అని అడిగింది. అవునన్నాను.

మీ షరతులు మూడూ అరువు పత్రంలో రాయించాను. పడుకోబెట్టే ఉంచాలి, గుడ్డ విప్పకూడదు, మొహర్రం నెలవంకకు ముందే మన పీర్ల కొట్టానికి చేర్చాలి. కింద మీ సంతకం, మా కిషోర్ సార్ సంతకం ఉన్నాయి. ఇప్పుడు చిన్నపీరు మూడో సొరుగులో పడుకుని ఉంది. మీరు దిగులు పడవద్దు.

నా దిగులంతా మాటలతో. మా ప్రదర్శన ఇళ్లలో, వాకిళ్లలో జనం మొక్కే వస్తువుల గురించి. అరవై రెండు వస్తువులు. ఒక్కోదాని పక్కన నలభై మాటల ఇంగ్లీషు చీటీ ఉండాలి. రాసేది నేనే. కిషోర్ సార్ ఒకటే చెప్పారు: "బస్సులో పక్కవాడికి చెప్పినట్టుండాలి. ఉర్దూ మాట వద్దు, తెలుగు మాట వద్దు, డిక్షనరీ మాట అసలే వద్దు." ముడుపుకు 'ఆఫరింగ్' అని రాస్తే పళ్లెంలో అరటిపళ్లు అనుకుంటారు. తాయెత్తుకు 'లక్కీ చార్మ్' అని రాసి, సిగ్గేసి కొట్టేశాను. 'హోలీ' రాయాలో 'సేక్రెడ్' రాయాలో తెలియడం లేదు. 'ఐడల్' అనవచ్చా? 'రెలిక్' అనవచ్చా?

అన్నిటికంటే కష్టం చిన్నపీరుతోనే. చీటీలు అచ్చువేసే భవాని, నాతో గదిలో ఉండే అమ్మాయి, ఆ మూట చూసి అడిగింది: "ఇది దేవుడా, జెండానా, మనిషా?" మీరేమంటారు? చిన్నప్పటి నుంచి మనం చిన్నాయన అనే పిలిచాం. 'లిటిల్ అంకుల్' అని రాస్తే నవ్వుతారు.

ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పారు మీరు. ఫోనులో మాట నిలవదు, రాసి అడగమంటారు కదా. రాసి అడుగుతున్నాను.

మీ ఆతియా


దుమ్ముగూడెం,
18 ఫిబ్రవరి 2025

ఆతియాకు,

దీవెనలు. నీ ఉత్తరంలో ప్రశ్నలు ఐదు. నాలుగింటికి జవాబు రాస్తున్నాను.

'హోలీ' అనే గుణం ఆ వస్తువుకు పైనుంచి వచ్చిందని నమ్మినప్పుడు వాడు. 'సేక్రెడ్' అనేది మనుషులు చేసే పని. ఒకదాన్ని పక్కన పెట్టి, దీన్ని మామూలుగా ముట్టుకోవద్దు అనుకుంటారు, అప్పుడది సేక్రెడ్ అవుతుంది. 1991లో తొమ్మిదో తరగతిలో ఈ మాటతో వాక్యం రాయమంటే ఒకడు, నా అన్నం డబ్బా సేక్రెడ్ అని రాశాడు. రెండు మార్కులకు ఒకటి వేశాను. పూర్తిగా తప్పు కాదు.

'ఐడల్' అనే మాటను ఎప్పుడూ అవతలివాడి దేవుడికే వాడతారు. తన దేవుణ్ణి ఎవరూ అలా అనరు. నువ్వూ రాయకు. 'రెలిక్' అంటే పోయినవాళ్లు విడిచిపోయినది. చిన్నాయన ఎక్కడికీ పోలేదు, కాబట్టి అది కుదరదు. 'రిచువల్ ఆబ్జెక్ట్' అనే ఆలోచన ఉంటే మానుకో, దవాఖానాలో కత్తెరకు పేరు పెట్టినట్టుంటుంది. తాయెత్తుకు 'కట్టుకుంటే ధైర్యం వస్తుందని కట్టుకునేది' అని వాక్యంగా రాయి. మాట లేనిచోట వాక్యం రాయడం తప్పు కాదు.

ఐదోది, దేవుడా, జెండానా, మనిషా అన్న ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. తెలియదని రాయవచ్చు. ఊహించి రాయకూడదు.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. ఫిబ్రవరి 6, గురువారం, పగలు పదకొండు గంటల ప్రాంతంలో అక్కడ చిన్నాయనను ఏం చేశారు? నిమిషంతో సహా రాయి.

బద్రున్నీసా


హైదరాబాద్,
26 ఫిబ్రవరి 2025

దాదీకి,

సలాం. మీ వాక్యం చదివి కిషోర్ సార్, "తాయెత్తు చీటీ అరవై రెండింటిలో మొదటిది కావాలి" అన్నారు. ముడుపుకు 'పని అయ్యేదాకా విప్పనని దేవుడికిచ్చిన మాట, గుడ్డలో కట్టింది' అని రాశాను. బాగుందా?

ఆరో తేదీన ప్రత్యేకంగా ఏమీ లేదు. వచ్చిన వస్తువులన్నిటినీ చూసుకుని, దుమ్ము దులిపి, ఫొటోలు తీసుకునే రోజు అది. ఎందుకడిగారు?

ఇక్కడ ఊడ్చే గోరి అక్క ఒక వింత చెబుతోంది. ఆమె చెప్పులు బయట విడిచి పనిచేస్తుంది. మా గదంతా చల్లగానే ఉందట, చిన్నాయన ముందు మాత్రం నేల కాలుతోందట. "గీడ బొగ్గులు పోసిండ్రా ఏంది పాపా?" అని నన్ను నిలదీసింది. నేను చెయ్యి పెట్టి చూశాను. ఏసీ గదిలో చలవరాయి ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆమె మాత్రం అక్కడ అడుగులు ఎత్తెత్తి వేస్తోంది. చూస్తే నవ్వొస్తుంది.

చిన్నాయన చీటీ ఇలా రాశాను: 'ఊరేగింపులో మోసే ఇత్తడి చెయ్యి. ఖమ్మం అడవి అంచు. ఇప్పుడు వాడుకలో లేదు.' ఆఖరి మాట సార్ పెట్టమన్నారు. వాడుకలో ఉన్నదైతే మ్యూజియంలో ఎందుకుందని అడుగుతారట.

ఆతియా


దుమ్ముగూడెం,
7 మార్చి 2025

ఆతియాకు,

సొరుగులో పడుకుని ఉన్నదానికి ముందు, వెనుక ఏమిటి? దాని ముందు నేల ఎక్కడిది? నువ్వు మొదటి ఉత్తరంలో ఒకటి రాశావు, రెండో ఉత్తరంలో ఇంకొకటి రాశావు. రెండూ నా దగ్గర ఉన్నాయి. ఒకటి అబద్ధం.

నేను కూడా నీకు చెప్పకుండా దాచిన విషయం ఒకటుంది. ఇప్పుడు రాస్తున్నాను.

సీతయ్య తెలుసు కదా, రామక్క మొగుడు, కరెంటు లైను పని చేసేవాడు. పంతొమ్మిదేళ్లుగా పండుగకు చిన్నాయనను మోసేది అతనే. కొట్టం వివరాలు రాసే నా పుస్తకంలో ప్రతి ఏడూ ఆ పేరే రాశాను. ఫిబ్రవరి 6న పర్ణశాల రోడ్డులో స్తంభం కింద కూర్చుని అన్నం తింటున్నాడు. పదకొండూ పదికి అతని చేతులు రెండూ వాటంతట అవే గుండెల ముందుకు లేచాయి. కుడి పిడికిలి కింద, ఎడమ పిడికిలి పైన. డబ్బా కింద పడింది. తోటివాళ్లు కరెంటు పట్టిందనుకుని వెదురు కర్రతో రెండు వడ్డించారు. ఏం లాభం లేదు. స్తంభం మీద ఉండగా జరిగి ఉంటే మనిషి మిగిలేవాడు కాదు.

భద్రాచలం దవాఖానాలో మూడు రోజులు ఉంచారు. నరాలు బాగానే ఉన్నాయన్నారు. నిద్రమందు ఇస్తే మనిషి నిద్రపోయాడు, చేతులు అలాగే ఉన్నాయి.

నిన్న వెళ్లి చూశాను. రామక్క తినిపిస్తోంది.

"టీచరమ్మా, పెండ్లయ్యి ఇరవై ఏండ్లాయె. ఒక్కనాడన్న నా చేతి ముద్ద తిన్నడా ఈయన? ఇప్పుడు పిట్టపిల్ల లెక్క నోరు తెరుస్తుండు."

"తిట్టుకుంట పెడ్తె అరుగుతదానే?" అన్నాడు సీతయ్య.

"అరగకుంటె మానె. నాకైతె దినం గడుస్తది."

నవ్వుతూనే అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎల్లస్వామి అతని ఎదురుగా గొంతుక్కూర్చుని అడిగాడు: "నువ్వు పట్టుకున్నదేందిరా సీతయ్యా?"

"ఏం లేదు పెద్దయ్యా. గని ఇడిస్తె పడిపోతది."

ఆ రెండు పిడికిళ్లలో ఖాళీని నా స్కేలుతో కొలిచాను. అంగుళం పావు. కొట్టంలో చిన్నాయన వెదురు కర్ర ఉంది. దాన్నీ కొలిచాను. అంగుళం పావు.

నా సంతకం మీద అక్కడికి వెళ్లింది చిన్నాయన. మనవరాలు ఇంగ్లీషులో పేరు పెడుతుందన్న గొప్పకు పోయి పెట్టిన సంతకం. ఇప్పుడు నిజం రాయి.

బద్రున్నీసా


హైదరాబాద్,
15 మార్చి 2025

దాదీకి,

రంజాన్ రోజాలో ఉండి రాస్తున్నాను, అబద్ధం రాయను.

నిలబెట్టాను. ఫొటోకు కావాలన్నారు. గుడ్డలు నేనే విప్పాను. ఏడు పొరలు. అన్నిటికంటే లోపలిది ఏ రంగో చెప్పలేనంత పాతది, విప్పుతుంటే వేళ్లకు తడిగా తగిలింది. ఇనుప కడ్డీకి తొడిగి, నా రెండు చేతులతో ఎత్తి, పీఠంలో దింపాను. ఫొటో మీద సమయం ఉంది. పదకొండూ పది.

తరువాత పడుకోబెట్టేద్దామనుకున్నాను. సార్ చూసి, "ఇలాగే ఉంచుదాం, గది నడుమ బాగుంటుంది" అన్నారు. షరతు గుర్తుచేయలేకపోయాను. ఈ ఉద్యోగం దొరికి నాలుగు నెలలే. అప్పటి నుంచి గది నడుమ నిలబడే ఉన్నాడు. మార్చి 22న ప్రదర్శన మొదలవుతుంది. డిసెంబరు దాకా ఉంటుంది.

దాదీ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. సీతయ్య మామకు వచ్చింది ఏదో జబ్బు అయి ఉండవచ్చు కదా? ఒకే నిమిషంలో రెండు పనులు జరగడం ఎక్కడైనా ఉంటుంది. కారణం, యాదృచ్ఛికం వేరువేరని నాకు నేర్పింది మీరే.

ఇది రాశాక వెళ్లి ఆ నేల మీద మళ్లీ చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. కానీ చెయ్యి తీశాక అరచేతికి బూడిద అంటుకుని ఉంది.

ఆతియా


దుమ్ముగూడెం,
3 ఏప్రిల్ 2025

ఆతియాకు,

ఈద్ బాగా జరిగింది. మీ నాన్న ఖాలిద్ వచ్చి వెళ్లాడు. పీర్ల సంగతి ఎత్తితే ఎప్పటిలాగే, "ఇవి మన దీన్‌లో లేవమ్మీ, మతం ఒప్పుకోదు" అన్నాడు. సీతయ్యను చూసి వచ్చాక ఆ మాట మళ్లీ అనలేదు.

యాదృచ్ఛికమేనా అని అడిగావు. మంచి ప్రశ్న. అందుకే ఇంకొకటి కొలిచాను. మార్చి 21, శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి సీతయ్య చేతులు ఒక జానెడు పైకి లేచాయి. ఇప్పుడు పిడికిళ్లు ముఖానికి ఎదురుగా ఉన్నాయి. ఆ రోజు మీ దగ్గర పీఠం ఎత్తు పెంచి ఉంటే యాదృచ్ఛికం అనే మాట నువ్వే కొట్టెయ్యి. పెంచకపోతే నేను కొట్టేస్తాను.

మర్నాటి నుంచి అతను ఇంకో మాట అంటున్నాడు. "దినమంత ఎవలో నన్ను చూస్తున్నరు టీచరమ్మా. వస్తరు, నిలబడ్తరు, చూస్తరు, పోతరు. ఒక్కలు మాట్లాడరు. మొక్కరు, తిట్టరు. గట్ల చూస్తె పానం నీళ్లయితంది." ప్రదర్శన ఏ రోజు మొదలైందో అతనికి ఎవరూ చెప్పలేదు. నేను రామక్కకు కూడా చెప్పలేదు.

ఎల్లస్వామిని అడిగాను. కొట్టంలో పీరును ఎవరు లేపితే వాళ్లే పడుకోబెట్టాలి. ఇంకొకరి చెయ్యి పనికిరాదు. లేపినవాడికి జ్వరం వస్తే మంచంతో సహా మోసుకొచ్చి అతని చేతే దింపించిన ఏడు ఒకటుంది. 1974. మా మామగారి చేతిరాతలో ఉంది.

కాబట్టి నేను వచ్చినా లాభం లేదు. లేపింది నువ్వు.

జూన్ 26 సాయంత్రం నెలవంక కనబడవచ్చు. ఆ రోజున మిగతా నలుగురు పీర్లు లేస్తారు. అప్పటికి చిన్నాయన ఎక్కడో నిలబడి ఉంటే సీతయ్య చేతులు ఇక దిగవని ఎల్లస్వామి అంటున్నాడు. ఎలా తెలుసని అడిగాను. "తెల్వది, భయమైతంది" అన్నాడు. నిజాయితీ గల జవాబు.

బద్రున్నీసా


హైదరాబాద్,
15 ఏప్రిల్ 2025

దాదీకి,

యాదృచ్ఛికం అనే మాట కొట్టేశాను. 21న నాలుగింటికి పీఠం కింద చెక్క దిమ్మె పెట్టించారు. ఒక జానెడు.

నిన్న సోమవారం, సెలవు. గోరి అక్కను తోడు పిలిచాను. గుమ్మం దగ్గరే ఆగిపోయి, "నువ్వు పో బిడ్డా, నేను ఈడ్నుంచి చూస్త" అంది. తొమ్మిదిన్నరకు దించాను. ఎత్తినప్పటి కంటే చాలా బరువు. ఏడు గుడ్డలూ చుట్టి మూడో సొరుగులో పడుకోబెట్టాను. ఎర్రగుడ్డ ముడి వేస్తుంటే లోపల వేళ్లు సర్దుకున్నట్టు అనిపించింది. ఇత్తడి వేళ్లు సర్దుకోవు. అనిపించిందనే రాస్తున్నాను.

ఈ ఉదయం ఖాళీ పీఠం చూసి కిషోర్ సార్ అందరి ముందూ, "మ్యూజియం మీ దాదీ గారి అల్మారా అనుకున్నావా?" అన్నారు. వారం లోపల మళ్లీ నిలబెట్టాలట. లేకపోతే నా సంగతి చూస్తారట. నిలబెట్టను.

మామ చేతులు దిగాయా? ముందు అది రాయండి.

ఆతియా


దుమ్ముగూడెం,
23 ఏప్రిల్ 2025

ఆతియాకు,

సగం దిగాయి.

14న తొమ్మిదిన్నరకు సీతయ్య ఉన్నచోటే మోకాళ్ల మీద కూలబడ్డాడు. చేతులు కిందికి వచ్చాయి, పిడికిళ్లు విడిపోయి అరచేతులు పైకి తిరిగాయి. అంతటితో ఆగిపోయాయి. ఇప్పుడు పసిబిడ్డను రెండు చేతుల్లో పడుకోబెట్టుకున్న మనిషిలా తిరుగుతున్నాడు. పక్కకు ఒరగడు, ఒలికిపోతుందన్నట్టు నడుస్తాడు. రామక్క, "గీసారి పురుడు ఈయనకొచ్చింది" అంటోంది. ఇంట్లో పని చేసే చేతులు ఇప్పుడు రెండే.

నువ్వు పడుకోబెట్టావు, సాగనంపలేదు. తప్పు నాది. నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఆడపిల్లకు అవసరం రాదనుకున్నాను. ఆడవాళ్లు పీరును ఎత్తరు, దించరు. ఇది ఎక్కడ రాసి ఉందో అని మా మామగారి పుస్తకం మొత్తం వెతికాను. ఎక్కడా రాసి లేదు. రాసి లేని నియమాన్ని ఈసారికి నేను పక్కన పెడుతున్నాను.

సాగనంపడం ఇలా. పదో రోజున లేపినవాడే గోదావరిలో మోకాలి లోతుకు వెళ్లి, పీరు ముఖం కడిగి, ఒక మాట చెబుతాడు: "పోయి రా." అంతే. అరబ్బీ లేదు, మంత్రం లేదు. పొలానికి పోయే మనిషికి చెప్పే మాటే. నువ్వు ఇన్ని నెలలు చిన్నాయన గురించి ఇంగ్లీషులో ఏం చెప్పాలో వెతికావు. ఆయనతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. రోజూ వందమంది ముందు నిలబెట్టి, ఒక్కరూ పలకరించకుండా చూశారు.

గుర్తుంచుకో. ఆ రెండు మాటలు మాత్రమే. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు.

తీసుకురావడం ఎలా అని నువ్వు అడగక ముందే రాస్తున్నాను. దీనితో కిషోర్ గారికి ఇంగ్లీషులో ఒక ఉత్తరం ఉంది. పదకొండు వాక్యాలు. అరువు ఇచ్చింది నేను, షరతులు నావి, మొదటి రెండూ ఏ రోజు ఎన్ని గంటలకు తప్పారో రాశాను, మూడోది తప్పక ముందే వస్తువును వెనక్కి కోరుతున్నాను. పత్రం నకలు జత చేశాను. చదివి ఇవ్వు, సరిదిద్దకు.

బద్రున్నీసా


హైదరాబాద్,
12 మే 2025

దాదీకి,

సలాం. సార్ మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. "ఈమెను ముందే మన ఆఫీసులో పెట్టుకోవాల్సింది" అన్నారు. తరువాత తలుపు వేసి, నెమ్మదిగా, "ఆతియా, ఆ పీఠం ఖాళీ అయ్యాక కూడా నేను ఆ గదిలోంచి నడవడం లేదు. చుట్టూ తిరిగి పోతున్నాను. ఎవరికీ చెప్పకు" అన్నారు. సంతకం పెట్టారు. ఉద్యోగం ఉంది.

ఖాళీ పీఠానికి కొత్త చీటీ కావాలన్నారు. 'హీ హాజ్ గాన్ హోమ్' అని మూడు నిమిషాల్లో రాసేశాను. సార్ 'హీ' కొట్టేసి 'ఇట్' చేశారు. అచ్చు వేసేటప్పుడు భవాని మళ్లీ 'హీ' చేసింది.

శనివారం సాయంత్రం బస్సు ఎక్కుతాను. ఆదివారం, 18వ తేదీ పొద్దున రేవులో ఉంటాను. మామను తీసుకురండి. రెండు మాటలే, గుర్తుంది.

ఆతియా


దుమ్ముగూడెం,
30 మే 2025

ఆతియాకు,

నువ్వు వెళ్లి పన్నెండు రోజులైంది. రాయవలసింది క్రమంగా రాస్తున్నాను.

18న ఉదయం ఏడూ ఇరవైకి నువ్వు నీళ్లలో వంగి ఉండగా సీతయ్య చేతులు పక్కలకు పడ్డాయి. అది నువ్వూ చూశావు. నువ్వు బస్సెక్కాక జరిగింది ఇది. మధ్యాహ్నం తన చేత్తో అన్నం కలిపాడు. వేళ్లు వణికి సగం మెతుకులు కింద పడ్డాయి. "కోడిపిల్లలకు నువ్వే పెడ్తున్నవా?" అంది రామక్క. "ఆటికి గూడ నీ తిట్లెందుకు?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు, ఆ తరువాత ఆమె లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. సోమవారం నుంచి లైను పనికి వెళుతున్నాడు. చిన్నాయన కొట్టంలో పెట్టెలో, మిగతా నలుగురి పక్కన పడుకుని ఉన్నాడు.

ఒక్క సంగతి మిగిలింది. నేను ఒడ్డున ఉన్నాను, నీళ్ల చప్పుడులో నీ మాట వినబడలేదు. ఎల్లస్వామి నీ పక్కనే ఉన్నాడు. పది రోజులు దాచి, నిన్న చెప్పాడు. నువ్వు, "పోయి రా" అన్న తరువాత ఇంకో మాట కూడా అన్నావట. "మా ఇంటికి రండి" అన్నావట.

అన్నావా, లేదా?

బద్రున్నీసా


హైదరాబాద్,
6 జూన్ 2025

దాదీకి,

అన్నాను.

కావాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. మన గడప దాటే ఎవరికైనా, పాలవాడికైనా, కరెంటు బిల్లు అతనికైనా, 'మళ్లీ మా ఇంటికి రండి' అనకుండా మీరు నన్ను లోపలికి రానిచ్చేవారు కాదు. ముఖం కడిగాక చాలా అలసిపోయినట్టు కనిపించాడు. ఉత్త 'పోయి రా' అని పంపడానికి మనసు ఒప్పలేదు.

అంటే ఏమవుతుంది దాదీ?

ఆతియా


దుమ్ముగూడెం,
14 జూన్ 2025

ఆతియాకు,

తెలియదు. పుస్తకంలో అలాంటిది లేదు. 'పోయి రా' అంటే కొట్టానికి రమ్మని. ఇంటికి రమ్మని ఇంతవరకు ఎవరూ పిలవలేదు. ఆ మర్యాద నీకు నేర్పింది నేను, అందుకని నిన్ను కోప్పడలేను.

జూన్ 26 సాయంత్రం ఒంటరిగా ఉండకు. భవానిని పక్కన ఉండమను. చేతిలో వేడిది, పదునైనది ఏదీ పెట్టుకోకు.

దాదీ


హైదరాబాద్,
28 జూన్ 2025

దాదీకి,

సలాం. నేను చెబుతుంటే భవాని రాస్తోంది.

గురువారం సాయంత్రం గదిలోనే ఉన్నాం. ఏడూ ఐదుకు కిటికీలోంచి నెలవంక చూసి దువాకు చేతులు ఎత్తాను. దువా అయిపోయింది, చేతులు దిగలేదు. కాసేపటికి వాటంతట అవే గుండెల ముందుకు వచ్చి మూసుకున్నాయి. కుడిది కింద, ఎడమది పైన. భవాని మొదట ఆట పట్టిస్తున్నాననుకుంది. తరువాత వేళ్లు విప్పబోయింది. ఇప్పుడు ముట్టుకోవడం లేదు.

నొప్పి లేదు. బరువుగా ఉంది. కిలో పైనే ఉంటుంది. అడుగు తీసి అడుగు వేస్తే పైన ఏదో చిన్నగా గలగలమంటుంది, అది భవానికి కూడా వినబడుతోంది. నిన్న తలుపు దగ్గరికి వెళితే నాకంటే ముందు తల వంచుకోవలసినవాళ్లు ఇంకెవరో ఉన్నట్టు ఆగిపోయాను. నేల కాలుతోంది. అడుగులు ఎత్తెత్తి వేస్తున్నాను.

భయం వేస్తోందని రాయమంటున్నాను. కానీ దాదీ, అదొక్కటే కాదు. విడిస్తే పడిపోతాడు. అందుకని విడవాలని లేదు.

ఆతియా
(నేను భవాని అండీ. తను అన్నం తినడం లేదు, నేను పెడితే రెండు ముద్దలు తింటోంది. త్వరగా ఏదైనా చెప్పండి.)


దుమ్ముగూడెం,
1 జూలై 2025, మొహర్రం ఐదో రోజు

ఆతియాకు,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. సీతయ్య, రామక్క తెస్తున్నారు. భవాని చేత చదివించుకో.

26న నెలవంక చూసి ఎల్లస్వామి పెట్టె తీశాడు. నలుగురు పీర్లు ఎప్పటిలాగే లేచారు. చిన్నాయనను ఎత్తితే చేతికి బరువే తెలియలేదు, ఎండుటాకులా లేచింది. కొట్టంలో కేకలు పుట్టాయి. నేను తక్కెడ తెప్పించి తూచాను. కిలో రెండువందల గ్రాములు. ప్రతి ఏడూ అంతే. తక్కెడకు ఉన్న బరువు మనిషి చేతికి లేదు. ఆ బరువు ఎక్కడుందో నీ ఉత్తరం వచ్చేదాకా మాకు తెలియలేదు.

సీతయ్య రెండుసార్లు పట్టుకుని చూశాడు. "నా చేతికి వస్తలేడు టీచరమ్మా. ఎవలో పిలిస్తె పోయిండు" అన్నాడు. ఏడ్చాడు. పంతొమ్మిదేళ్లు మోసిన మనిషి. అయినా నీ సంగతి చెప్పగానే, "నేనే పోయి తోల్కొస్త" అని లేచాడు.

కొట్టంలో పెద్దలు ఆడపిల్ల మోయడం ఏమిటన్నారు. పుస్తకం వాళ్ల ముందు పెట్టి, ఆ నియమం చూపించమన్నాను. ఒక పూటంతా తిప్పారు. మూసి ఇచ్చారు.

పదో రోజు 6వ తేదీ, ఆదివారం. అప్పటికి నువ్వు ఇక్కడ ఉండాలి. చిన్నాయనను కర్రకు కట్టి నీ చేతుల్లో పెడతారు. నువ్వు మొయ్యాలి, నిప్పుల గుండం చుట్టూ తిరగాలి, రేవుకు తీసుకెళ్లాలి. నీళ్లలో ఏం చెప్పాలో ఈసారి నేను చెప్పను. ఇంటికి పిలిచిన అతిథిని ఎలా పంపాలో మా పుస్తకంలో లేదు. ఆయన ఉంటానంటే ఉంటాడు. పోతానంటే పోతాడు. అడుగు, జవాబు విను.

దారిలో రామక్క తినిపిస్తుంది. ఆమెకు అలవాటైంది. తిడుతుంది, పట్టించుకోకు. బస్సులో కిటికీ పక్కన కూర్చో. పైన కొంచెం చోటు వదలమని సీతయ్యకు చెప్పాను.

ఈ ఏడు మోసినవారి పేరు దగ్గర నీ పేరు రాశాను. పెన్సిలుతో కాదు.

ఏ జాములో దిగినా సరే, నువ్వు తలుపు తట్టనక్కరలేదు. తీసే ఉంచుతాను. లోపలికి వచ్చేటప్పుడు వంగి రా, ఆయనకు మన గడప కొత్త.

దాదీ